మూడో ట్రేలో వెండి

"చేతులు బల్ల మీద పెట్టు" అన్నాను.

మెర్లిన్ రెండు చేతులూ బోర్లా పెట్టింది. తిప్పమన్నాను. తిప్పింది. కుడిచేతి బొటనవేలి కొస, చూపుడువేలి కొస నల్లగా ఉన్నాయి. అరచేతుల్లో మాత్రం ఎక్కడా మచ్చ లేదు.

జగ్గయ్యపేట సర్కిల్ ఆఫీసులో మాకిచ్చిన గదికి కిటికీ ఉంది గానీ తెరుచుకోదు. ఫ్యానుంది గానీ కరెంటు పోయింది. నేను కుర్చీలో నిలవలేక గోడకీ బల్లకీ మధ్య తిరుగుతున్నాను. అప్పటికే పన్నెండున్నర. నాలుగింటికి ఈ పిల్లను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్యాయత్నం కింద ఒకసారి రిమాండుకు పంపారంటే, వత్సవాయిలో బడిపంతులు ఉద్యోగం చేసే ఆమె తండ్రి డేవిడ్‌రాజు బెయిలు కోసం కాళ్లరిగేలా తిరగాలి. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆయన తన కూతురు దేవత అని చెప్పలేదు. "మా అమ్మాయికి కోపమొస్తే అరుస్తుందండీ. తొయ్యదు" అన్నాడు. ఆ ఒక్క మాటకే కేసు తీసుకున్నాను.

నా పేరు రత్నమణి. పోలీసు క్లూస్ టీములో ఏళ్ల తరబడి వేలిముద్రలు ఏరి, పైవాళ్లతో పడక బయటికొచ్చి, ఇప్పుడు సొంతంగా నేర పరిశోధనలు చేసుకుంటున్నాను. నాకు ఓపిక తక్కువని అందరూ అంటారు. నిజమే.

"శనివారం ఏం జరిగిందో మళ్లీ చెప్పు" అన్నాను.

"నిన్నే చెప్పా కదండీ."

"నిన్న సీఐ గారు పక్కనున్నారు. ఇప్పుడు నాకు చెప్పు."

మెర్లిన్ ఊపిరి పీల్చుకుంది. "పొద్దున తొమ్మిదికి డాబా మీద మూడు ట్రేలు పరిచా మేడమ్. గ్లవ్స్ వేసుకునే పరిచా. కిందికొచ్చేసా. పదకొండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా యూనివర్సిటీ వాళ్లతో వీడియో మీటింగు. నేనూ సారూ ఒకే టేబులు దగ్గర కూర్చున్నాం. అవ్వగానే సారు పైకెళ్తూ, 'నువ్వు తినేసి రెండింటికి రా, ట్రేలు తిరగేద్దాం' అన్నారు. రెండింటికి వెళ్లా. పైన ఎవరూ లేరు. కింద నుంచి మా పనిమనిషి పుల్లమ్మ కేక వినపడింది. పిట్టగోడ మీంచి చూసా."

మిగతాది నాకు తెలిసిందే. డాబా వెనక అట్టపెట్టెల గుట్ట మీద, ఆమె పనిచేసే రసాయనాల ల్యాబు యజమాని డాక్టర్ భవానీప్రసాద్ వెల్లకిలా పడున్నాడు. ఆ పెట్టెలే ఆయన్ని బతికించాయి. మూడు రోజులుగా నందిగామలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

"ఆ ట్రేల్లో ఏముంది?"

ఆ ప్రశ్నకు ఆమె వెన్ను నిటారైంది. "మా పదార్థం మేడమ్. తెల్లటి పొడి. దాన్ని నీళ్లలో కరిగిస్తే అందులో అణువులు ఇష్టమొచ్చినట్టు తిరుగుతూ ఉంటాయి, ఏది దేన్ని పట్టుకుంటుందో చెప్పలేం. పొడిగా ఉంటే అసలు కదల్లేవు. పక్కపక్కనే ఉంటాయి, కానీ కలవడానికి చాలినంత దగ్గరగా ఉండవు. నెల్లాళ్లు ఎండలో పెట్టినా అంతే."

"మరి?"

"వెండి లవణం వేసి రోట్లో పొడిపొడిగా నూరతాం. వెండి అయాన్లు ఆ అణువుల్ని రెండేసి చొప్పున పట్టుకుని దగ్గరగా ఆనించి నిలబెడతాయి. కాడికి కట్టిన ఎడ్లలాగా అనుకోండి. అప్పుడు ఎండ పడితే చాలు, ఆ జంట అతుక్కుపోతుంది. వేరే తప్పు జత పడదు. డ్రమ్ములకొద్దీ రసాయనాలు అక్కర్లేదు, కంపు నీళ్లు వాగులోకి వదలక్కర్లేదు. కడిగి వెండిని మళ్లీ వెనక్కి తీసేసుకుంటాం."

"ఎవరి ఆలోచన ఇది?"

"వెండి ఆలోచన నాది. మిగతాదంతా సారుది." తల దించుకుంది. "సోమవారం పేటెంటుకు పంపాల్సింది. నా పేరు ముందు పెడతానన్నారు సారు. దిలీప్ గారు గొడవ చేసారు."

దిలీప్ అంటే హైదరాబాదు నుంచి వచ్చిన భాగస్తుడు. నా అనుమానం మొదటి నుంచీ అతని మీదే. శనివారం మధ్యాహ్నం ఎక్కడున్నాడో ఇప్పటిదాకా సరిగ్గా చెప్పలేదు. కానీ నిన్న కావాలనే చెయ్యి కలిపి, వదలకుండా తిప్పి చూశాను. కడిగిన పళ్లెంలా ఉంది.

చేతుల మీద నాకెందుకంత పట్టింపు అంటే, ఈ కేసంతా ఒక చెయ్యి చుట్టూ తిరుగుతోంది గనక. ఆస్పత్రిలో విప్పినప్పుడు భవానీప్రసాద్ తెల్లచొక్కా మామూలుగానే ఉంది. మర్నాడు వెలుతురులో పరిచి ఫొటో తీస్తుంటే ఛాతీ దగ్గర నల్లటి ముద్ర పైకి తేలడం మొదలుపెట్టింది. ఐదు వేళ్లు, నిండు అరచెయ్యి. వెండి లవణం అంటుకుంటే వెంటనే కనపడదు, వెలుతురు తగిలాక నల్లబడుతుంది. సబ్బుకు పోదు. సీఐ క్రాంతికుమార్ ఆ ముద్ర చూశాడు, మెర్లిన్ వేళ్లు చూశాడు, కేసు ముగించాడు.

"ఆ రెండు వేళ్ల మచ్చలు ఎప్పటివి?"

"పోయిన వారానివి. సీసా మూత తీస్తుంటే అంటుకుంది."

ఫోను మోగింది. విజయవాడలో రసాయనశాస్త్రం చెప్పే నా పాత స్నేహితురాలు సింధూర. ఆదివారం సాయంత్రం మూడు ట్రేల నుంచీ పైపొర విడిగా, అడుగుపొర విడిగా చిటికెడు చిటికెడు తీసి ఆమెకు పంపాను. సీఐ వాటిని సాక్ష్యంగా కూడా లెక్కచెయ్యలేదు. "పిండి కావాలంటే పట్టుకెళ్లండి" అని నవ్వాడు.

సింధూర చెప్పింది విని, గది బయటికి దాదాపు పరుగెత్తాను.

*

హైవే పక్కనున్న ఆ ల్యాబు డాబా మీదికి రెండు దారులున్నాయి. లోపలి మెట్లు ఆఫీసు గదిలోంచి వెళతాయి. వెనకవైపు గోడకు ఇనప మెట్లున్నాయి. సీఐ మనుషులు లోపలి మెట్ల కెమెరా చూసి, డాక్టరూ మెర్లినూ తప్ప ఎవరూ ఎక్కలేదని రాశారు. ఇనప మెట్లకు కెమెరా లేదు.

ల్యాబు ఊడ్చి తుడిచే పుల్లమ్మ నా వెనకే ఆయాసపడుతూ వచ్చింది. "ట్రేలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించు" అన్నాను. చూపించింది. రెండు ట్రేలు నట్టనడుమ, పూర్తి ఎండలో. మూడోది నీళ్ల ట్యాంకుకు దగ్గరగా. ట్యాంకు నీడలో ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపాను. మూడో ట్రే ఉన్న చోటు అందింది. అక్కడ కూర్చున్నవాళ్లకు ఎదురుగా అదొక్కటే కనపడుతుంది.

"శనివారం సాయంత్రం వీటిని లోపల పెట్టింది నువ్వేనా?"

"నేనేనమ్మా. ఆ గోలలో ఎవరికీ పట్టలా. నాలుగు కొట్టగానే తీసి చీకటి బీరువాలో పెట్టా. అట్టా పెట్టకపోతే మెర్లినమ్మ అరిచేది."

"చేత్తో కలిపావా?"

"అమ్మో! ముట్టుకుంటే చేతులు నల్లగా అయితయ్యని ఆ అమ్మాయి వందసార్లు చెప్పింది. అంచులు పట్టుకునే తెచ్చా." తన రెండు చేతులూ చాపి చూపించింది. శుభ్రంగా ఉన్నాయి.

"మధ్యాహ్నం ఎక్కడున్నావు?"

"అన్నానికి ఇంటికెళ్లా. రెండు కొట్టేలోపు వచ్చా. వచ్చేసరికే అయ్యగారు..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యగారికి ఏమన్నా అయితే ఇదంతా ఏమైపోద్దమ్మా? చందర్లపాడులో అమ్మగారి పుట్టింటి మిరప చేను అమ్మి కట్టారు ఈ బిల్డింగు. అమ్మకం కాయితాల మీద సంతకం పెట్టిన్నాడు ఆవిడ అన్నం తినలేదంట."

కింద జీపు ఆగిన చప్పుడు. లోపలి మెట్ల మీద బూట్లు. క్రాంతికుమార్ పైకి వచ్చి, టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మొదట తట్టిన జవాబును పెళ్లి చేసుకుని కాపురం చేసే రకం.

"రత్నమణిగారూ, ముద్దాయితో మాట్లాడనిచ్చా. ఇప్పుడు నేరస్థలంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తర్వాత నా సీట్లో కూర్చుంటారా?"

"మీ సీటు నాకొద్దండీ, దాంట్లో కూర్చుంటే నిద్రొస్తుందేమో. మూడు ట్రేల రిపోర్టు వచ్చింది. వింటారా?"

"పిండి రిపోర్టా?"

"ఆ పిండి మీ కెమెరా కంటే బాగా చూసింది. వినండి. ఎండ పైపొరకే తగులుతుంది. కాబట్టి పైపొరలో అణువులు జతకడతాయి, అడుగున అలాగే మిగిలిపోతాయి. ఒకటో ట్రే, రెండో ట్రే సరిగ్గా అలాగే ఉన్నాయి. పైన దాదాపు అంతా అతుక్కుంది, అడుగున ఏమీ లేదు. అంటే వాటినెవరూ కదపలేదు. అవునా?"

"సరే."

"మూడో దాంట్లో పైనా సగమే, అడుగునా సగమే. దానర్థం ఏంటి?"

తిరగేయడం అంటే ఏమిటో కృష్ణా జిల్లా మనిషికి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. "మధ్యలో ఎవరో తిరగేసారు" అన్నాడు.

"ఎప్పుడు? పొద్దున పరవగానే తిరగేస్తే పైన ఎక్కువ, అడుగున తక్కువ ఉండాలి. రెండు దాటాక తిరగేస్తే అడుగున ఎక్కువ ఉండాలి. సమానంగా ఉందంటే తొమ్మిది నుంచి నాలుగు దాకా తగిలిన ఎండలో సగం అయ్యాక. పన్నెండు, పన్నెండున్నర. నీళ్లలో అయితే అంతా కలిసిపోయేది, ఆనవాలు మిగిలేది కాదు. పొడిలో ఏ అణువు ఎక్కడ జతకట్టిందో అక్కడే ఉండిపోతుంది."

"పిండి గడియారమన్నమాట!" నవ్వబోయాడు గానీ నవ్వు సరిగ్గా రాలేదు. "మెర్లినే తిరగేసిందనుకోండి."

"పన్నెండున్నరకు ఆమె యూనివర్సిటీ వాళ్లందరి ముందు వీడియోలో మాట్లాడుతోంది. రికార్డింగు ఉంది. డాక్టరూ పక్కనే ఉన్నాడు. పైగా తిరగేసినవాళ్లు ఉత్త చేత్తో తిరగేసారు. పొడిలో వేళ్ల చాళ్లు ఆదివారం దాకా ఉన్నాయి, ఫొటో తీశాను చూడండి. మెర్లిన్‌లా గ్లవ్స్ వేసుకుని ప్లాస్టిక్ గరిటె వాడే మనిషి చెయ్యదా పని."

ఫోను అతని చేతిలో పెట్టాను. నాలుగు వేళ్లు ఎడంగా పెట్టి, ట్రే ఈ చివర నుంచి ఆ చివరికి లాగి, మళ్లీ అడ్డంగా లాగిన చాళ్లు. ఆదివారం చూసినప్పుడు నాకు ఏమీ తట్టలేదు. చిన్నప్పటి నుంచీ ప్రతి ఎండాకాలం ప్రతి డాబా మీదా కారానికీ పసుపుకీ నేనే అలా వేళ్లతో చాళ్లు గీశాను. కళ్ల ముందున్నా మామూలుగానే అనిపించింది. ఎండబోసిన దాన్ని చూస్తూ ఊరికే కూర్చోగలిగే చెయ్యి ఈ పక్క ఊళ్లలో పుట్టలేదు.

"సీఐ గారూ, పన్నెండు ప్రాంతంలో ఎవరో వెనక మెట్లెక్కి వచ్చారు. మీటింగు అయ్యేదాకా డాక్టరు కోసం ఈ నీడలో కూర్చున్నారు. మనసు మనసులో లేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. ముట్టుకోకూడదని తెలియని మనిషి. ఒంటిగంటన్నరకు డాక్టరు పైకొచ్చాడు. మాటామాటా పెరిగింది. ఆ వెండి చేత్తోనే తోసారు. చొక్కా మీద ఉన్న నిండు అరచెయ్యి ఆ మనిషిది. ఇప్పటికి ఆ అరచెయ్యి బొగ్గులా ఉండాలి."

"మరి దిలీప్?"

"అతని చెయ్యి చూసా. తెల్లగా ఉంది. పైగా అతను హైదరాబాదులో అపార్టుమెంటులో పెరిగినవాడు, పిండి తిరగేయడం అతనికేం తెలుసు? పుల్లమ్మ చేతులూ శుభ్రంగా ఉన్నాయి."

"డాక్టరే తిరగేసుండొచ్చు కదా?"

"పొద్దున ఆస్పత్రికి వెళ్లి ఆయన చేతులు చూసే వచ్చా. నర్సు గ్రేసీ దుప్పటి తీసి చూపించింది. రెండూ..."

మాట నా నోట్లోనే ఆగింది.

ఆ మంచం పక్కన డాక్టరు భార్య కమలాకుమారి గారు కూర్చుని ఉన్నారు. భర్త కాళ్లు పట్టుకుని. ఆమె కుడిచేతికి నిండుగా గోరింటాకు పెట్టుకుని ఉంది. ఐదు వేళ్ల కొసలకీ టోపీల్లా, అరచేతిలో పెద్ద చందమామ. నేను చూడటం ఆమె గమనించింది. "ఆయన ఆయుష్షు కోసం మొక్కుకున్నానమ్మా. మొన్న రాత్రి పెట్టుకున్నా" అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. గోరింటాకు అంత నల్లగా పండటం నేనెప్పుడూ చూడలేదని కూడా అనుకున్నాను. అనుకుని, ఆమె భుజం తట్టి వచ్చేశాను. ఎడమచేతికి గోరింటాకు లేదు. ఒంటి చేతికి మొక్కుకునే మొక్కు ఏదో అడగాలని నాకు తోచనే లేదు. నన్ను నేను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

"పుల్లమ్మా, కమలాకుమారి గారు శనివారం ఇక్కడికి వచ్చారా?"

"నేను చూళ్లేదమ్మా. నందిగామలో ఇంట్లోనే ఉన్నానన్నారు కదా. ఆవిడ ఈ మజ్జెన ఇటు రావట్లేదు. మెర్లినమ్మ పేరు ముందు వేస్తారని తెలిసిన్నాటి నుంచి అయ్యగారితో మాటల్లేవు. 'నా చేను అమ్మి ఎవరో బడిపంతులు పిల్లకి పేరు తెచ్చిపెడతారా' అని ఫోన్లో ఏడుస్తుంటే నేనే విన్నా. ఆవిడ బాధ ఆవిడది."

క్రాంతికుమార్ మొహంలో రంగు మారింది. అతనికి ఇంకా అంతా అర్థం కాలేదు, కానీ నా మొహం చూసి భయం పట్టుకుంది. "ఏంటండీ? చెప్పండి."

"గోరింటాకు కింద నలుపు" అన్నాను. అంతకంటే వివరంగా చెప్పే తీరిక లేదు. అప్పటికే గ్రేసీ నంబరు నొక్కుతున్నాను. మెర్లిన్‌ని నాలుగింటి లోపు బయటపడేసే నోరు ఈ లోకంలో ఒక్కటే ఉంది. ఆ నోటి పక్కనే ఆ చెయ్యి ఉంది.

మొదటిసారి మోగి ఆగిపోయింది. రెండోసారి ఎత్తింది.

"మేడమ్! నేనే చేద్దామనుకుంటున్నా మీకు" అంది గ్రేసీ. గొంతులో ఉత్సాహం పొంగుతోంది. "సారు కళ్లు తెరిచారండి! మంచినీళ్లు అడిగారు. మెర్లిన్ ఏదీ అని కూడా అడిగారు. డ్యూటీ డాక్టరు గారు చూసి, ఇంక పర్లేదన్నారు."

"నువ్వెక్కడున్నావు?"

"వరండాలోనండీ. ఐసీయూ నుంచి పొద్దున్నే స్పెషల్ రూముకు మార్చాం, కమలాకుమారి మేడమ్ గారు పట్టుబట్టారు. ఇప్పుడు సారుతో కాసేపు ఒంటరిగా ఉంటానంటే అందరం బయటికొచ్చేసాం. పాపం, మూడు రోజుల్నుంచీ నిద్ర లేదు కదండీ ఆవిడకి."

"గ్రేసీ, లోపలికి వెళ్లు. ఇప్పుడే. ఏదో ఒక మందు ఇవ్వాలని చెప్పు, బీపీ చూడాలని చెప్పు. వెళ్లు!"

ఫోనులో చెప్పుల చప్పుడు వినపడింది. తలుపు మీద తట్టడం వినపడింది. "మేడమ్ గారూ" అని పిలవడం, మళ్లీ తట్టడం, ఈసారి గట్టిగా.

క్రాంతికుమార్ అప్పటికే మెట్ల దగ్గరున్నాడు. "ఆస్పత్రి దగ్గర మీ కానిస్టేబులు ఉన్నాడుగా, వెంటనే చెప్పండి" అని అరిచాను.

అతను కదల్లేదు. చేతిలో ఫోను ఉంది, నొక్కడం లేదు. "ముద్దాయి దొరికింది కదా అని..." అన్నాడు. "ఇందాకే తీయించేసా."

"నందిగామ స్టేషనుకు చెయ్యండి! పరుగెత్తమనండి!"

అతను నంబరు నొక్కుతున్నాడు. ఇక్కణ్ణుంచి నందిగామకు మాకు అరగంట పడుతుంది. స్టేషను నుంచి ఆస్పత్రికి ఎంత వేగంగా వచ్చినా కొన్ని నిమిషాలు. మూడు రోజులు తిండి లేక పడున్న మనిషి మొహం మీద దిండు పెట్టడానికి అంత సేపు అక్కర్లేదు.

గ్రేసీ మళ్లీ లైన్లోకి వచ్చింది. ఉత్సాహమంతా ఆవిరైపోయి, చిన్నపిల్ల గొంతులా ఉంది.

"మేడమ్... లోపల గడియ పెట్టుందండీ. ఎంత పిలిచినా పలకట్లేదు."